పొరుగు దీవులకు ఇంటి సరకులు

(సాంస్కృతిక సంఘ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



నౌకావాణిజ్యమనగానే సాధారణముగ ఎవరికైనను స్ఫురించునవి చమురు ఓడలు, ఇనుప ఖనిజము, బొగ్గు, ఎరువులు. లక్షల టన్నులలో లెక్కకు వచ్చు ఈ సరకులను గూర్చి పత్రికలు వ్రాయుచుండును. చట్టసభలలో ప్రశ్నలు పుట్టుచుండును. కాని ఒకే ఓడలో కొన్ని బస్తాల ఉల్లి, కొన్ని పెట్టెల కోడిగ్రుడ్లు, గోధుమపిండి, పంచదార, కందిపప్పు, సబ్బులు, నోటుపుస్తకములు, చీపుళ్లు, గిన్నెలు కలసి పొరుగు దేశమునకు తరలిపోవు వ్యాపారమును గూర్చి మాటలాడువారు అరుదు. రేవులలో దీనిని జనరల్ కార్గో అందురు. కిరాణా సరకు అన్నచో తెలుగువారికి చాలవరకు భావము బోధపడును. ఈనాటి ప్రసంగమునకు విషయము ఈ కిరాణా సరకే.

ఇది చిన్న విషయమని తోచవచ్చును. అయితే మాలే నగరములో ఒక ఇంట పొయ్యి వెలిగించు వేళకు ఉల్లిపాయ దొరకలేదన్నచో, అందులకు కారణము సుమారు 400 నావిక మైళ్ల దూరమున తూత్తుకుడి రేవులో నిలిచిపోయిన ఒక కంటైనరులో ఉండవచ్చును. లేక ఢిల్లీలో ఒక అధికారి బల్లపై కదలక యున్న ఒక ఫైలులో ఉండవచ్చును. ఓడకును ఫైలుకును ఇంత దగ్గర సంబంధముండుట వలననే ఈ విషయము ప్రభుత్వోద్యోగుల సంఘమున చర్చింపదగినదైనది.

ఆంధ్రులకు సముద్ర వ్యాపారము క్రొత్తది కాదు. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు సీసపు నాణెములపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ కనుపించును. మచిలీపట్టణపు అద్దకపు వస్త్రములు పారశీకమునకును, తూర్పు దీవులకును పోయెను. గోదావరీ ముఖమునందలి కోరంగి ఓడలు బర్మా తీరమునకు రాకపోకలు సాగించెను. 1839 నాటి తుపాను ఉప్పెనలో ఆ కోరంగి దెబ్బతిన్నను, సమీపమునందలి తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టు నేర్పు మాత్రము నశింపలేదు.

వీని యన్నింటికంటె నేటి విషయమునకు దగ్గరగ నున్నది మోటుపల్లి శాసనము. కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున వేయించిన ఈ అభయశాసనము నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయమున కలదు. ఆ కాలమున గాలివానకు చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలోని సరకునంతటిని ఆ తీరమునేలు రాజులు స్వాధీనము చేసికొనుచుండిరి. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పించి, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసికొనబోమని సముద్ర వర్తకులకు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదవ వంతు సుంకముగ విధించెను. ఆ సుంకపు జాబితాలో చందనము, కర్పూరము, పన్నీరు, దంతము, రాగి, సీసము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు వరుసగ నున్నవి. అనగా అదియు కలగలిపిన సరకే. ప్రాణమునకు తెగించి సముద్రము దాటువానికి కావలసినది ఏమో ఆ రాజు గ్రహించెను. అతనికి కావలసినది దానము కాదు. రేపు కూడ మారని మాట. గాలివాన భయము నెట్లైనను భరింపవచ్చును గాని, ఒడ్డున నున్న ప్రభువు ఎప్పుడేమి చేయునో తెలియని భయమును వర్తకుడు భరింపలేడు.

ఈ సత్యమునకు నేటి ఉదాహరణముగ మాల్దీవులను తీసికొనవచ్చును. హిందూ మహాసముద్రమున ఉత్తర దక్షిణములుగ పరచుకొనియున్న 1,192 పగడపు దీవుల సముదాయమది. అందు మనుష్యులు స్థిరముగ నివసించునవి సుమారు 190 మాత్రమే. దీవులన్నిటి నేల కలిపి కొలిచినను 300 చదరపు కిలోమీటర్లకు మించదు. 2022 జనాభా లెక్కల ప్రకారము అచ్చట నున్నవారు సుమారు 5 లక్షల 15 వేలమంది. ఇసుకనేల, ఉప్పుగాలి, నదులు లేవు. కొబ్బరి పండును, సముద్రమున చేపలు దొరకును. ఆపైన కొన్ని కూరగాయలు, పండ్లు. బియ్యము, గోధుమ, పంచదార, పప్పు, ఉల్లి, బంగాళాదుంప, ఇల్లు కట్టుటకు ఇసుక, కంకర కూడ బయటినుండి రావలసినదే. చుట్టును సముద్రము, కాలిక్రింద ఇసుక ఉన్న దేశము ఇసుకను దిగుమతి చేసికొనుట వింతగ తోచును. కాని తీరపు ఇసుకను తవ్వినచో దీవియే కరగిపోవును. ఉప్పు తగిలిన ఇసుక కట్టడమునకు పనికిరాదు.

ఇట్టి దేశము అనాదిగ ఓడలపైననే బ్రదికినది. 14వ శతాబ్దమున ఆ దీవులలో కొంతకాలము న్యాయాధికారిగ నున్న ఇబ్న్ బతూతా, అచ్చటివారు గవ్వలను ఇచ్చి వంగదేశపు బియ్యమును తీసికొనుచుండిరని వ్రాసెను. వంగదేశమున గవ్వలు చిల్లర నాణెములుగ చెల్లుచుండెను. కనుక పోవునపుడు బియ్యము, వచ్చునపుడు గవ్వలు. ఓడ రెండు దిక్కులను నిండుగ సాగెను. వ్యాపారమున ఇంతకంటె చక్కని అమరిక వేరొకటి లేదు. తరువాతి కాలమున గుజరాతు, బొంబాయి ప్రాంతముల బోరా వర్తకులు మాలేలో కొట్లు పెట్టి, ఎండుచేపలకు మారుగ బియ్యము, బట్టలు, పంచదార అమ్మిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఓడల రాకపోకలు చెడి దీవులలో తీవ్రమైన ఆహారపు కొరత ఏర్పడెను. ఆ కష్టకాలము ఆ జనుల జ్ఞాపకమున నేటికిని నిలిచియున్నది. 1964లో, అనగా స్వాతంత్ర్యమునకు ఒక సంవత్సరము పూర్వమే, అచ్చటి ప్రభుత్వము స్వయముగ వర్తకసంస్థను నెలకొల్పుటకు గల అవసరము దీనివలన తెలియగలదు. ఆకలిని చవిచూచిన ఇల్లు గాదెను ఇతరుల చేతిలో విడువదు.

స్వతంత్ర భారతమునకును మాల్దీవులకును 1981లో ఒక వాణిజ్య ఒప్పందము కుదిరెను. దాని ననుసరించి నిత్యావసర వస్తువులను ఏటేట నిర్ణయించిన పరిమాణములలో మన దేశము అచ్చటికి పంపుటకు అనుమతించుచున్నది. 2024-25 సంవత్సరమునకు ప్రకటింపబడిన పరిమాణములు ఇవి: బియ్యము 1,24,218 టన్నులు, గోధుమపిండి 1,09,162 టన్నులు, పంచదార 64,494 టన్నులు, ఉల్లి 35,749 టన్నులు, బంగాళాదుంప 21,513 టన్నులు, పప్పు 224 టన్నులు, కోడిగ్రుడ్లు 42 కోట్ల 75 లక్షలు, నదీ ఇసుక, కంకర ఒక్కొక్కటి 10 లక్షల టన్నులు. 1981 నుండి నాటివరకు ఇంత హెచ్చు పరిమాణము ఎన్నడును ప్రకటింపబడలేదు. ఇవి గరిష్ఠ పరిమితులే గాని తప్పక పంపవలసిన మొత్తములు కావు. గ్రుడ్ల సంఖ్యను జనాభాతో భాగించినచో తలకు ఏటికి 830 వచ్చును. ఇది అతిశయమని తోచినచో, 2024లో ఆ దీవులను చూడవచ్చిన యాత్రికులు 20 లక్షలకు మించిరన్న సంగతిని జ్ఞాపకముంచుకొనవలెను. ఆ యాత్రికుని ఉదయపు పళ్లెములోని గ్రుడ్డు సైతము ఓడలో వచ్చినదే.

ఇక ఈ సరకు ఎట్లు ప్రయాణము చేయునో కొంత వివరముగ చూడవలసియున్నది.

ఒక్క వర్తకుడే ఒక్క వస్తువుతో ఓడను నింపునపుడు పని సులభము. కిరాణా సరకులో అట్లు గాదు. పదిమంది వర్తకులు, ఇరువది వస్తువులు. ఇరువది అడుగుల కంటైనరులో లోపలి చోటు సుమారు 33 ఘనపు మీటర్లు. చిన్న వర్తకుడు దానిని ఒంటరిగ నింపలేడు. కనుక పలువురి సరకును ఒకచోట చేర్చి, ఒకే కంటైనరులో సర్దించి, ఒక్కొక్కరికి వేరువేరు రశీదులు ఇచ్చు మధ్యవర్తి అవసరమగుచున్నాడు. ఒకే రైలుపెట్టెలో పలు కుటుంబములు ప్రయాణము చేసినట్లుండును ఈ ఏర్పాటు. అందు సౌకర్యమును కలదు, చిక్కును కలదు. పదిమందిలో ఒకని కాగితము సరిగ లేనిచో కస్టమ్స్ వారు కంటైనరు నంతటిని నిలుపుదురు. తక్కిన తొమ్మిదిమంది ఏ తప్పును చేయకయే కాచుకొనవలెను. వారిలో ఒకని సరకు సబ్బులైనచో నష్టము స్వల్పము. ఉల్లి యైనచో చెప్పనక్కరలేదు.

ఏ వస్తువు ప్రక్కన ఏ వస్తువును ఉంచవలెనన్నది మరియొక విద్య. మన గృహిణులకు ఈ విద్య పుట్టుకతో వచ్చినట్లే యుండును. కిరసనాయిలు డబ్బా ప్రక్కన బియ్యపు డబ్బాను ఏ ఇల్లాలును ఉంచదు. ఓడలోను అంతే. గోధుమపిండి, తేయాకు ప్రక్కనున్న వాసనను పీల్చుకొనును. సబ్బుల పెట్టెకు చేరువలో నున్న పిండి రొట్టెకు పనికిరాకుండ పోవును. ఉల్లి నిరంతరము తేమను, ఘాటును విడుచుచుండును. దానికి గాలి కావలెను. పంచదారకు తేమ సోకరాదు. గ్రుడ్లకు చల్లదనము కావలెను, పైన బరువుండరాదు, వాసన తగులరాదు. పగలు ఎండకు కాగి రాత్రి చల్లబడు ఇనుపపెట్టె లోపలి కప్పున నీటి బిందువులు పట్టి సరకుపై రాలును. దీనిని నావికులు పెట్టె చెమట అందురు. సముద్రపు నీటి చుక్కయు సోకకుండగనే సరకు తడిసి బూజు పట్టుటకు ఇది కారణము. కనుక అడుగున చెక్కలు పరచుట, ప్రక్కల సందులు విడుచుట, బరువైన బస్తాలను క్రిందను తేలికపాటి పెట్టెలను మీదను పేర్చుట, ఓడ ఊగినపుడు కదలకుండ కట్టుట కళాసీలు శ్రద్ధతో చేయవలసిన పనులు. చదువు లేని కళాసీ చేతి నేర్పుపైన చదువుకొన్న వర్తకుని లాభనష్టములు ఆధారపడియుండును.

సరకుతో పాటు కాగితములును ప్రయాణము చేయును. ఇన్వాయిసు, పెట్టెల వివరపట్టిక, సరకు పుట్టిన దేశమును తెలుపు పత్రము, మొక్కలకు సంబంధించిన వస్తువులకు తెగుళ్లు లేవను ధ్రువపత్రము, కస్టమ్స్ వారి షిప్పింగ్ బిల్లు, చివరకు ఓడవారిచ్చు బిల్ ఆఫ్ లేడింగ్. ఈ చివరిది సామాన్యమైన రశీదు కాదు. సరకు ముట్టినదనుటకు సాక్ష్యము, రవాణా ఒడంబడికకు సాక్ష్యము, సరకుపై హక్కును తెలుపు పత్రము అను మూడు గుణములు దానియందు కలవు. ఎవరి చేతిలో ఆ పత్రముండునో వారికే రేవులో సరకు అప్పగింపబడును. దీనిని గూర్చిన భారతీయ చట్టము 1856 నాటిది. సముద్రము మీద సరకు రవాణాను గూర్చినది 1925 నాటిది. ఆ రెండింటి స్థానమునను 2025లో క్రొత్త చట్టములు వచ్చినవి. ఓడ నిర్మాణము మారినను, ఆవిరి పోయి డీజెలు వచ్చినను, కొయ్యపెట్టె పోయి ఇనుపపెట్టె వచ్చినను, చట్టము మాత్రము 169 సంవత్సరములు నిలిచినది. మంచి ముసాయిదా వ్రాసినవారికి ఇది గర్వకారణము. మార్పు నాలస్యము చేసినవారికి ఆలోచనా కారణము.

కాగితములో అబద్ధమున్నచో కలుగు విపత్తు సామాన్యమైనది కాదు. లోపలనున్నదానిని బయట వ్రాయనిచో దానిని ఎచ్చట పేర్చవలెనో ఓడవానికి తెలియదు. నిప్పంటుకొనినపుడు ఏ సాధనముతో ఆర్పవలెనో తెలియదు. వ్రాసియున్నను సకాలమున తగిన చర్య లేనిచో అంతే ప్రమాదము. 2021 మే నెలలో ఎక్స్-ప్రెస్ పెర్ల్ అను ఓడ నత్రికామ్లము కారుచున్న ఒక కంటైనరుతో కొలంబో చేరెను. అంతకుముందు రెండు రేవులలో ఆ కంటైనరును దింపుకొనుటకు వీలుపడలేదు. కొలంబో చెంత ఓడ అంటుకొని, కొన్ని దినములు మండి, జూన్ నెలలో మునిగెను. అందలి ప్లాస్టిక్ గుళికలు సింహళ తీరమున మైళ్ల పొడవున పేరుకొనగా, బెస్తలకు సముద్రముపై పోవుటయే నిషేధింపబడెను. 2025 మే నెల 25వ తేదీన ఎం.ఎస్.సి. ఎల్సా 3 అను ఓడ 640 కంటైనర్లతో కొచ్చి సమీపమున మునిగిపోయెను. అందు 13 అపాయకరమైన సరకు గలవి. కేరళ తీరపు బెస్తలు వలలు ఒడ్డున పెట్టి కూర్చుండవలసివచ్చెను. మిశ్రమ సరకు ఓడలో ఒక్క పెట్టె చేసిన తప్పునకు తక్కిన పెట్టెలే గాక, ఆ సరకుతో ఏ సంబంధమును లేని బెస్తవాడు కూడ మూల్యము చెల్లించును.

పెద్ద ఓడలు రాకపూర్వము తూత్తుకుడినుండి కొలంబోకును, మాల్దీవులకును సరకు మోసినవి తోణులు. కొన్ని వందల టన్నులు మోయగల ఈ కొయ్య ఓడలకు పూర్వము తెరచాపయే ఆధారము. తరువాత యంత్రము తోడయ్యెను. నైరుతి ఋతుపవన కాలమున సముద్రము పొంగుచుండుటచే ఇట్టి ఓడల ప్రయాణమునకు నిషేధముండును. అట్టి దినములలో సరంగు, కళాసీలు ఇండ్లకు పోవుదురు. ఓడలకు మరమ్మతు చేయుదురు. తమిళమున తోణి, దివేహీ భాషలో దోని, తెలుగున దోనె. మూడు తీరములవారు ఒకే సముద్రముపై ఒకరినొకరు పలుకరించుకొనుటకు ఈ ఒక్క మాటయే చాలును. మాలేలో దింపిన సరకు మరల ఇట్టి దోనులలోనే దూరపు దీవులకు చేరవలెను. దక్షిణపు కొనయందలి అడ్డూ దీవులు మాలేకు 500 కిలోమీటర్లకు పైగ దూరమున నున్నవి. కావున తూత్తుకుడిలో బస్తా ధర యెంత అన్న ప్రశ్నకంటె, చివరి దీవిలో కిలో ధర యెంత అన్న ప్రశ్న ముఖ్యమైనది.

ఆ ధరను నిర్ణయించునది ఓడకేవు. ఇచ్చటనే గవ్వల కాలమునకును నేటికిని గల భేదము తెలియును. 2022లో ఇరు దేశముల వ్యాపారము 50 కోట్ల డాలర్లు దాటినది. అందు మన ఎగుమతులు నూటికి 98 పాళ్లకు పైన. వారినుండి మనము కొన్నది చేపలు, ఇనుప తుక్కు వంటివి, అత్యల్పము. కనుక నిండుగ పోయిన ఓడ దాదాపు వట్టిగ తిరిగివచ్చును. వట్టి ప్రయాణపు ఖర్చును కూడ పోవునప్పటి సరకే మోయవలెను. ఉల్లిపాయ కొన్న దీవివాడు తనకు తెలియకయే రెండు ప్రయాణముల కేవు చెల్లించుచున్నాడు.

ఈ భారమును తగ్గించుటకై 2020 సెప్టెంబరు 21వ తేదీన తూత్తుకుడి, కొచ్చి, కుల్హుదుఫుషి, మాలే రేవులను కలుపుచు ప్రభుత్వ ఆధ్వర్యమున ఒక సరకు ఓడ సర్వీసు ప్రారంభింపబడెను. ఇరువది అడుగుల కంటైనర్లు 200, విడి సరకు 3,000 టన్నులు మోయగల ఓడ అది. ఉత్తరపు దీవియైన కుల్హుదుఫుషిలో ముందుగ ఆగుట గమనింపదగినది. ఆ ప్రాంతపు సరకు మాలేకు పోయి మరల వెనుకకు రావలసిన పని తప్పినది. అన్నిటికంటె మేలైన సంగతి నియమిత కాలము. నెలకు రెండు మారులు ఓడ వచ్చునని తెలిసినచో దుకాణదారు మూడు నెలల సరకు నిలువ చేయనక్కరలేదు, అప్పు చేయనక్కరలేదు.

ఆంధ్ర తీరమునకు సంబంధించిన ఉదాహరణ మొకటి ఇట్టిదే కలదు. భారత, బంగ్లాదేశములు పొరుగు దేశములైనను, వీని తూర్పు రేవుల నడుమ కంటైనరు సరకు చాలకాలము కొలంబో లేక సింగపూరు మీదుగ చుట్టు తిరిగి పోవుచుండెను. పొరుగింటికి పోవుటకు ఊరంతయు చుట్టి వచ్చినట్లుండెను ఆ ఏర్పాటు. 2015 జూన్ 6వ తేదీన ఢాకాలో తీరనౌకాయాన ఒప్పందము కుదిరెను. దాని ననుసరించి 2016 మార్చి నెలలో హార్బర్-1 అను ఓడ చిట్టగాంగునుండి బయలుదేరి నెల్లూరు సీమలోని కృష్ణపట్నము చేరెను. వారములు పట్టు ప్రయాణము దినములలోనికి వచ్చెను. ఓడ వేగము పెరిగినందున కాదు; రెండు ప్రభుత్వములు ఒక కాగితముపై సంతకము చేసినందున.

సంతకపు మాట వచ్చినది గనుక, ఈ వ్యాపారమునకు ప్రాణమైన ప్రశ్నకు ఇప్పుడు రావలెను. స్వదేశమున ధరలు పెరిగినపుడు ప్రభుత్వము ఎగుమతులను ఆపును. 2022లో గోధుమ, గోధుమపిండిపైనను, 2023 జూలైలో బాస్మతి కాని తెల్లబియ్యముపైనను, 2023 డిసెంబరులో ఉల్లిపైనను ఇట్టి నిషేధములు వచ్చెను. తన ప్రజల ఆకలిని ముందుగ చూచుట ప్రభుత్వ ధర్మము. దానిని తప్పుపట్టువారు లేరు. కాని పెద్ద దేశమునందలి నిషేధము చిన్న పొరుగు దేశమునకు తుపానుతో సమానము. ఇచ్చట కిలోకు పది రూపాయలు తగ్గింపదలచి వేసిన ఆజ్ఞ అచ్చట వస్తువునే మాయము చేయగలదు. ఈ కారణముననే 1981 ఏర్పాటు క్రింద మాల్దీవులకు నిర్ణయింపబడిన పరిమాణములకు నిషేధములనుండి మినహాయింపు ఇవ్వబడుచున్నది.

మన వంటయింటి ఉల్లిని పరులకేల పంపవలెనని అడుగువారుందురు. ప్రశ్న సమంజసమైనదే గనుక లెక్కతో సమాధానము చెప్పవలెను. 2023-24లో దేశమున పండిన ఉల్లి సుమారు 242 లక్షల టన్నులు. మాల్దీవుల భాగము అందు వేయింటికి ఒకటిన్నర. పండిన బియ్యములో వారి భాగము వేయింటికి ఒకటి కంటె తక్కువ. ఆ సంవత్సరము దేశమున ఉత్పత్తియైన గ్రుడ్లు 14 వేల కోట్లకు పైన. ప్రతి వేయి గ్రుడ్లలో మూడు మాత్రము ఆ దీవులవి. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ ప్రథమస్థానమున నుండి దేశపు మొత్తములో నూటికి సుమారు 18 పాళ్లు సమకూర్చుచున్నదని ఈ సందర్భమున చెప్పుట అప్రస్తుతము కాదు. మన ధరల కుంభమున ఇది ఒక చుక్క. వారికి అదియే నిండు కుండ. ఇంత తక్కువ వెలకు ఇంత పొరుగుతనము వేరొకచోట దొరకదు.

అయితే ఇందొక సున్నితమైన అంశము కలదు. ఇచ్చువాడు పెద్దవాడు, పుచ్చుకొనువాడు చిన్నవాడు అను భావము ఏ కొంచెము పొడచూపినను స్నేహము చెడును. 2024 జనవరిలో మాల్దీవుల అధ్యక్షుడు ఆహారపదార్థములకు ఒకే దేశముపై ఆధారపడరాదని, ఇతర దేశములనుండియు తెప్పించుకొందుమని ప్రకటించెను. దీనిని కృతఘ్నత యని తలచుట సరికాదు. ఒకే కొట్టుపై ఆధారపడిన సంసారి మరియొక కొట్టును కూడ చూచుకొనుట లోకజ్ఞానమే. ఆ దినములలో ఇరు ప్రభుత్వములు ఎడమొగము పెడమొగముగ నుండెను. అయినను, ఆ ఏప్రిల్ నెలలోనే, పైన చెప్పిన హెచ్చు పరిమాణములతో ఉత్తరువు వెలువడెను. రాజకీయములు వేరు, రొట్టె వేరు అని ఒక దేశము చెప్పగలిగినచో అదియే దాని పెద్దరికము. ఇది దానము కాదు. వారు ధర చెల్లించి కొను సరకు. ధర చెల్లించువానికి కావలసినది దయ కాదు, నమ్మకము.

ఆపద్ధర్మము వేరు, నిత్యధర్మము వేరు. 2014 డిసెంబరు 4వ తేదీన మాలేలోని మంచినీటి కర్మాగారము అగ్నిప్రమాదమున దెబ్బతిని నగరమంతయు నీటికి కటకటలాడినపుడు, భారత విమానములును, సుకన్య, దీపక్ అను నౌకలును నీటిని చేరవేసెను. ఆ సహాయమును లోకము కొనియాడెను, కొనియాడదగినదే. కాని ఏ ప్రమాదమును లేని ఒక సామాన్య మంగళవారమునాడు, సరియైన కాలమునకు, సరియైన తూకముతో, చెడిపోని ఉల్లిని చేర్చుటను ఎవరును కొనియాడరు. పొరుగువాడు జీవించుట మాత్రము ఆ మంగళవారముల మీదనే.

ఈ నిత్యధర్మమున కార్యాలయముల పాత్ర ఏమి? 2024 ఏప్రిల్ ఉత్తరువులో సరకు పంపుటకు ముంద్రా, తూత్తుకుడి, న్హావా శేవా రేవులు, ఢిల్లీలోని తుగ్లకాబాదు కంటైనరు డిపో నిర్ణయింపబడినవి. ఒక రేవు పేరును జాబితాలో చేర్చుట, చేర్చకుండుట గుమాస్తాకు ఒక పంక్తి టైపు చేయు పని. సరకు పండించు రైతుకు, చేర్చు లారీవానికి, కొను దుకాణదారుకు అది కొన్ని వందల మైళ్ల భేదము. నిషేధపు ఉత్తరువు అర్ధరాత్రి నుండి అమలునకు వచ్చును. మినహాయింపు ఉత్తరువు పది దినములు ఆలస్యమైనచో ఆ పది దినములును ఉల్లి రేవులోనే ఉండును. ఉల్లికి ఫైలు సంగతి తెలియదు. "పరిశీలనలో నున్నది" అను మాటను విని అది కుళ్లుట మానదు.

కనుక ఇట్టి విషయములలో మూడు నియమములు పాటింపదగినవి. మొదటిది: నిషేధపు ఆజ్ఞ, పొరుగు దేశముల మినహాయింపు ఒకే దినమున, వీలైనచో ఒకే కాగితమున వెలువడవలెను. రెండవది: ఏటి పరిమాణములు ఏడాది మొదలగుటకు ముందే తెలియవలెను, అప్పుడే వర్తకుడు ఓడను, రైతు పంటను సరిచూచుకొందురు. మూడవది: చిన్న వర్తకుని కాగితములలో పొరపాటున్నచో దానిని సరిదిద్దు మార్గము రేవులోనే ఉండవలెను, తొమ్మిదిమంది సరకు ఒకని తప్పునకు బందీ కారాదు. వీనికి పెద్ద ధనము అక్కరలేదు, శ్రద్ధ చాలును.

తిరుగు సరకు సమస్యకు మాత్రము శ్రద్ధ ఒక్కటియే చాలదు. ఆ దీవుల చేపలకు మన విపణిలో చోటు కల్పించుట, ఒకే ప్రయాణమున లక్షద్వీపములు, కొచ్చి, కొలంబో వంటి పలు రేవులను కలిపి ఓడను నిండుగ నడుపుట వంటి మార్గములను నిపుణులు ఆలోచింపవలసియున్నది. గవ్వలు మరల రావు. కాని ఓడ రెండు దిక్కులను నిండుగ సాగవలెనన్న గవ్వల కాలపు సూత్రము నేటికిని చెల్లును.

సభ్యులారా! మోటుపల్లిలో రాతిపై చెక్కిన మాటను కొట్టివేయుట ఎవరికిని సులభము కాదు. నేటి మాట కాగితముపై వ్రాయబడుచున్నది, మార్చుట సులభము. సులభము గనుకనే దానిని నిలుపువారి బాధ్యత పెరుగుచున్నది. సచివాలయమున పనిచేయువారిలో అనేకులు సముద్రమును సెలవులలో తప్ప చూచియుండరు. అయినను వారి బల్లపైనుండి ప్రతిదినము ఒక అల బయలుదేరి ఎక్కడనో ఒక తీరమును తాకుచున్నది. ఆ తీరమున ఒక తల్లి బియ్యము కడిగి, ఉల్లి తరిగి, బిడ్డలకు వేళకు అన్నము పెట్టగలిగినచో, ఎవరి పేరును ఎరుగకయే ఆమె ఇచ్చటి ఉద్యోగులకు కితాబు నిచ్చినట్లే యగును.

సముద్రము పొరుగువారిని వేరుచేయు అగడ్త కాదు. వాకిళ్ల నడుమనున్న వీధి. ఆ వీధి యందు సరకుల బండి వేళకు నడచుచుండుగాక!